బాపట్ల అద్దం మీద చీరాల అట్ట

మొన్న తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరులో నా ఎదుటి సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. చూపు లేదు. చేతిలో అందరికీ ఉన్నట్టే టచ్ ఫోను. అద్దం మీద వేలు జారుతుంటే ఫోను ఆమె చెవిలో ఏదో గొణుగుతోంది. రిటైరైనవాళ్ళకు ఇతరుల వ్యవహారాలు కావాలి కాబట్టి, అదెలా పనిచేస్తుందమ్మా అని అడిగాను.

"వేలు పెడితే అక్కడేముందో చెబుతుందండి. రెండుసార్లు తడితేనే పని చేస్తుంది. అప్పటిదాకా ఎంతసేపైనా వెతుక్కోవచ్చు" అంది.

బాగుందమ్మా అని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. నిజానికి నాకేమీ బాగాలేదు. ఆ మాట నేను అంతకుముందే విన్నాను. తొంభైల చివర్లో, బాపట్లలో, ఇలాంటి ఫోను ఎవరి ఊహలోనూ లేనప్పుడు ఒకావిడ నాతో అంది. ఆ మాటకు గాను మా కంపెనీ నాకొక గోడ గడియారం ఇచ్చింది. అది ఎలా వచ్చిందో చెబుతాను. మిషన్లు అమర్చే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు వినండి. తక్కినవాళ్ళు వింటే నాకు అభ్యంతరం లేదు.

అప్పట్లో నేను విజయవాడలోని ఒక చిన్న కంపెనీకి సర్వీసు ఇంజనీరుని. ఇంజనీరు అన్నది విజిటింగ్ కార్డు మీది మాట, చదివింది డిప్లొమా. ఆఫీసుల్లో లోపలి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు అమర్చడం, చెడితే బాగుచేయడం నా పని. కాపురం తెనాలిలో. తెనాలి, బాపట్ల, రేపల్లె నా కింద ఉండేవి. రేపల్లె నుంచి ఒక పెద్ద మెకానిక్ వచ్చి నాకు తోడుండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. నన్ను 'ఇంజనీరుగారూ' అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో నేను చివరిదాకా తేల్చుకోలేకపోయాను.

ఆ ఏడు మా కంపెనీ కొత్త రకం ఆపరేటరు బోర్డు తెచ్చింది. బటన్లు లేవు, మీటలు లేవు. టీవీ లాంటి తెర ఒకటి. దాని మీద గళ్ళు గళ్ళుగా గదుల పేర్లు, వాటిలో కూర్చునేవాళ్ళ పేర్లు వెలుగుతుంటాయి. బయటి నుంచి ఫోనొస్తే బజరు మోగుతుంది. ఎడమ మూల గడి మీద వేలు పెడితే ఆ ఫోను ఆపరేటరు చెవికొస్తుంది. ఎవరు కావాలో కనుక్కుని ఆ గది పేరు మీద వేలు పెడితే లైను కలుస్తుంది. ముట్టుకుంటే చాలు, నొక్కనక్కర్లేదు. మేము ఊరూరా గొప్పగా చెప్పుకున్నది ఆ సుఖం గురించే.

బాపట్లలో ఒక పెద్ద ఆఫీసు దాన్ని కొంటానంది. ఏ శాఖో చెప్పను. నేను వెళ్ళి కొలతలు తీసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళాను, బోర్డు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. పాత బోర్డు మీటల పక్కన ఎవరో మేకుతో గాట్లు పెట్టి ఉన్నారు. కొన్ని మీటలకు దారం చుట్టి ఉంది. నా కాగితంలో 'పాత బోర్డు, బాగా పాడైంది, గీతలు పడ్డాయి' అని రాసుకున్నాను. ఆపరేటర్లు ఎంతమంది అన్నచోట 'ఒకరు' అని రాశాను. ఆ ఒకరు ఎవరని నేను అడగలేదు. భోజనానికి వెళ్ళిన మనిషి కోసం పది నిమిషాలు ఆగితే తెలిసేది. నాకు తెనాలి ప్యాసింజరు అందుకోవాలన్న తొందర.

నెల తర్వాత పాత బోర్డు పీకేసి, కొత్తది బిగించి, తుడిచి, పక్కకు జరిగాను. అప్పుడు ప్యూను ఒకావిడ మోచేయి పట్టుకుని తీసుకొచ్చాడు. యాభై నాలుగైదేళ్ళుంటాయి. నీలం అంచు నేత చీర, చేతికి క్యారేజీ సంచి. నుదుట బొట్టు లేదు, వాళ్ళు క్రైస్తవులు. కళ్ళు మాత్రం ఎటూ చూడడం లేదు.

"కొత్త బోర్డు వచ్చిందంటగా. చూడొచ్చాండీ?" అంది.

పెద్ద మెకానిక్ నా వంక చూసి, స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుని, "చూడండమ్మా" అన్నాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ అద్దం మీద ఆనించింది. పై అధికారి గదిలో ఫోను మోగింది. చెయ్యి కాస్త జరిపింది, స్టోర్సులో మోగింది. ఇంకాస్త జరిపితే గేటు దగ్గర వాచ్‌మన్‌కు మోగింది. అర నిమిషంలో ఆఫీసు మొత్తం హలో హలో అంటోంది.

"చెయ్యి తియ్యండమ్మా!" అని అరిచాను.

చప్పున చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేనేం నొక్కలేదండి. ఎక్కడేముందో చూస్తన్నానంతే."

"నొక్కనక్కర్లేదమ్మా, తగిలితే చాలు."

"వెతికే వేలు వేరు, నొక్కే వేలు వేరు కదా బాబూ. నాకు రెండూ ఈ చేతులే. వెతుక్కోనివ్వకుండా పని చేసేస్తే ఎట్టా?" అంది.

ఆ ఒక్క మాటలో మా మిషను తప్పంతా ఉంది. నాకు అప్పుడు కోపమే వచ్చింది. ఆవిడ మీదో, నా మీదో తెలియదు.

ఆవిడది చీరాల. రోజూ రైల్లో వచ్చి పోయేది. ఆ బోర్డు మీద ఇరవై రెండేళ్ళు చేసింది. పాత బోర్డులో ఫోనొస్తే చిన్న రేకు మూత టక్కున పడేది. ఏ మూత పడిందో ఆవిడకు చప్పుడు బట్టి తెలుస్తుంది. ఆ గాట్లు, దారాలు ఆవిడవే. బయటి నుంచి ఎవరు మాట్లాడినా 'హలో' అన్న రెండక్షరాలతో ఎవరో పట్టేసేదట. ఆదివారాలు చర్చిలో పాటలకు శ్రుతి అందుకునేది కూడా ఆవిడేనని తర్వాత తెలిసింది.

ఆఫీసు పెద్దాయన మంచివాడు. ఇలాంటివాళ్ళతోనే కష్టం. "ఆవిడకేమీ ఇబ్బంది లేదండి. డిస్పాచ్ సెక్షన్లో కుర్చీ వేయిస్తాం. జీతం జీతమే. బోర్డు టైపిస్టు చూసుకుంటాడు" అన్నాడు. గుంటూరు ఆఫీసు నుంచి ఇంకా పెద్ద అధికారి ఒకాయన నెలరోజుల్లో వచ్చి మిషన్ను ఒప్పుకుంటూ సంతకం చేయాలి. ఆయన వచ్చేనాటికి ఆవిడ చేయగలిగితే సరే, లేకపోతే కుర్చీ.

నేను వెళ్ళిపోతుంటే ఆవిడ వరండాలో నిలబడి ఉంది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టింది.

"నాకు కుర్చీ వేయిస్తారంటండి. ఏం పని సార్ అనడిగితే, మీరు ఊరికే కూర్చోండి చాలమ్మా అన్నారు." ఆగింది. "మా ఇంట్లో కూడా కుర్చీ ఉందండి."

నేను కంపెనీకి ఉత్తరం రాశాను. వాళ్ళు హైదరాబాదు నుంచి ఒకాయనను పంపారు. ఆయన సంచిలోంచి ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు తీశాడు. ల్యాప్‌టాప్ అనేదాన్ని బాపట్లలో అంతమంది ఒక్కసారి చూడడం అదే మొదలనుకుంటాను. తెర మీద ఏముందో అది పైకి చదువుతుంది. బోర్డుకు తగిలించి, ఆవిడ చెవికి హెడ్‌ఫోను పెట్టాడు. అది ఇంగ్లీషు యాసలో మన ఉద్యోగుల పేర్లు చదవడం మొదలెట్టింది. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఎవరండీ ఈ దొర? మా చిన్నప్పుడు చర్చి వాళ్ళ మిషనరీ బంగళాలో ఉన్న దొరగారు ఇంతకంటే మంచి తెలుగు మాట్లాడేవారు" అంది.

గదంతా నవ్వింది. హైదరాబాదు ఆయన మాత్రం నవ్వలేదు. న్యాయం చెప్పాలంటే ఆ యంత్రం పనికిరానిది కాదు. అది ఒక గది పేరు చదివి ముగించేలోపు ఫోను చేసినవాడు విసుగొచ్చి పెట్టేస్తున్నాడు, అంతే. మూడో గంటకు దాని బ్యాటరీ అయిపోయింది. ఆయన సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

తర్వాతి ఉపాయం నాది. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి: బీరువా అద్దానికి ఒక మూల వరసగా అంటించిన స్టిక్కర్ బొట్లు. ఆడవాళ్ళు పడుకోబోయే ముందు తీసి అంటిస్తారు, పొద్దున తీసి పెట్టుకుంటారు. మా ఇంట్లో అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వేలికి తగిలాయి. గుండ్రనివి, నిలువుగా తిలకం లాంటివి, రాళ్ళు పొదిగినవి. కళ్ళు మూసుకుని తడిమినా తేడా తెలుస్తోంది.

"ఈ బొట్లు ఊడవా?" అని అడిగాను మా ఆవిడను.

"గీరితే గానీ ఊడవు. ఎందుకండీ, మీరు పెట్టుకుంటారా?" అంది.

తెనాలి బజారులో ఐదు రకాల ప్యాకెట్లు కొన్నాను. మర్నాడు బాపట్లలో తెర మీద గడికొక బొట్టు అంటించాను. ఆవిడ ఒక బొట్టు మీద వేలు పెట్టి నవ్వింది.

"నా మొహాన లేని బొట్టు మీ మిషను మొహాన పెట్టారా సార్?"

నవ్వుతుండగానే అకౌంట్స్‌లో ఫోను మోగింది. నిజమే, బొట్టును గుర్తుపట్టాలంటే ముట్టుకోవాలి. ముట్టుకుంటే లైను కలిసిపోతుంది. ఇంత చిన్న సంగతి నాకు ముందు తోచలేదు. పెద్ద మెకానిక్‌కు తోచి ఉంటుంది, కానీ ఐదు ప్యాకెట్లూ అంటించేదాకా నోరు విప్పలేదు. మిగిలిన బొట్లు నా పనిముట్ల సంచి అడుగున పడ్డాయి.

నేను చేతులెత్తేశాక ఆవిడ అడిగింది: "ఆ అద్దం ఎంతుందో, గళ్ళు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద సరిగ్గా గీసిస్తారాండీ? మా ఆయనకు చూపిస్తాను."

గీసిచ్చాను. ఆవిడ భర్త చీరాలలో జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టే మనిషి. చీర అంచు మీద పువ్వో హంసో రావాలంటే మగ్గం పైన చిల్లుల అట్టలు తిరగాలి. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. రెండు రోజుల తర్వాత ఆవిడ క్యారేజీ సంచిలోంచి ఒక దళసరి అట్ట తీసింది. తెరకు సరిపడా ఉంది. గడికొక చిల్లు. చుట్టూ అంచుకు పుల్లలు అంటించి ఉండడంతో అద్దానికి కాస్త ఎడంగా నిలబడింది.

ఆవిడ చేతులు అట్ట మీద ఆనించింది. ఏ గదిలోనూ ఫోను మోగలేదు. వేళ్ళు అటూ ఇటూ తిరిగాయి, ఒకచోట ఆగాయి, చూపుడువేలు చిల్లులోకి దిగింది. పై అధికారి గదిలో ఫోను మోగింది.

"ఇప్పుడు వెతుక్కోవచ్చండి" అంది.

నేను నలభై పేజీల సర్వీసు పుస్తకం తిరగేసినా చేయలేనిది అది. చిల్లుల పక్కన ఆవిడ సూదితో దారపు ముడులు వేసుకుంది. ఒక ముడి ఒక సెక్షను, రెండు ముడులు ఇంకొకటి. ఆఫీసరు గదులకు అంచు చుట్టూ కుట్టింది. వారం తిరిగేసరికి పాత బోర్డు మీద ఎంత వేగమో అంత వేగం వచ్చింది. టైపిస్టు తన టైపు మిషను దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాయాల్సిన పని లేదు.

గుంటూరు అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. అట్ట చూస్తే నలిగింది, అంచులు పీచు లేచాయి, ఒక మూల పచ్చడి మరక. అంత ఖరీదైన మిషను మీద ఇదేంటని నాకు చిన్నతనం అనిపించింది. తెనాలిలో నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో అదే కొలతకు ప్లాస్టిక్ పలక కోయించాను. నున్నగా, గాజులా, చిల్లులన్నీ ఒకే సైజులో, ముచ్చటగా వచ్చింది.

"ఆవిడనడిగారా ఇంజనీరుగారూ?" అన్నాడు పెద్ద మెకానిక్.

"అడిగేదేముంది, ఇంకా మంచిదేగా చేయించింది."

అధికారి వచ్చే రోజున ఆవిడ రైలు ఆలస్యమైంది. ఆవిడ వచ్చేలోగా పలక బిగించి, పాత అట్టను రెండుగా మడిచి చెత్తబుట్టలో వేశాను. స్వీపరు బుట్ట తీసుకెళ్ళి పెరట్లో ఆకులతో కలిపి అంటించింది. నేను ఆ పొగ చూశాను. ఆకులే కాలుతున్నాయనుకున్నాను.

గుంటూరు అధికారి బోర్డు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఒక గంట చూస్తానన్నాడు. ఆవిడ గబగబా వచ్చి, దణ్ణం పెట్టి, హెడ్‌ఫోను పెట్టుకుని, చేతులు చాపింది. చేతులు పలకను తాకి ఆగిపోయాయి.

"నా అట్టేదండీ?"

బజరు మోగింది. దారపు ముడులు లేకపోవడంతో ఆవిడ మూల నుంచి చిల్లులు లెక్కపెట్టుకుంటూ పోయింది. మొదటి ఫోను సరిగానే కలిపింది, కానీ అప్పటికి చేసినవాడు పెట్టేశాడు. రెండోది స్టోర్సుకు బదులు గేటుకు వెళ్ళింది. మూడోది ఆఫీసు పెద్దాయనకు వెళ్ళాల్సింది క్యాంటీనుకు పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. గుంటూరు అధికారి మృదువుగా, "పర్వాలేదమ్మా, ఇన్నేళ్ళు చేశారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. అరిచి ఉంటే నయం. డిస్పాచ్ సెక్షన్లో ఆ కుర్చీ అప్పటికే వేసి ఉంది, తలుపులోంచి నాకు కనిపిస్తోంది.

నేను నోరు తెరిచి, తప్పు నాదండి అని చెప్పాలి. గొంతు దాకా వచ్చింది. అక్కడ నా కంపెనీ ఉంది, నా కార్డు మీది ఇంజనీరు ఉన్నాడు. ఊరుకున్నాను.

ఆవిడ హెడ్‌ఫోను తీయలేదు. "పది నిమిషాలు టైమియ్యండి సార్" అని అధికారితో అని, నా వైపు తిరిగింది. నేను ఎక్కడ నిలబడ్డానో ఆవిడకు తెలుసు. "ఆ బొట్లు ఉన్నాయా సార్ మీ దగ్గర?"

సంచి అడుగు నుంచి తీసిచ్చాను. ఆవిడ ప్యాకెట్లు విప్పి, వేలికొసతో రకం చూసి, చిల్లుల పక్కన పలక మీద అంటించుకుంటూ పోయింది. రాళ్ళ బొట్లు ఆఫీసర్లకు, తిలకాలు స్టోర్సుకు, గుండ్రనివి అకౌంట్స్‌కు. పలక మీద ఎన్ని బొట్లు తడిమినా ఏ ఫోనూ మోగదు. అద్దం మీద పనికిరాని నా బొట్లు అక్కడ పనికొచ్చాయి. పది నిమిషాలు కాకముందే "కానియ్యండి" అంది.

తర్వాత గంటసేపు ఒక్క ఫోనూ తప్పిపోలేదు. ఎవరో అవతల హలో అనగానే, "నమస్కారమండి, చీరాల నుంచేగా, ఇస్తన్నా లైన్లో ఉండండి" అంటుంటే గుంటూరు అధికారి గడియారం చూడడం మానేశాడు. సంతకం చేసి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఆవిడ అంది: "అట్ట పారేసే ముందు నన్నొక్క మాట అడగాల్సింది బాబూ." కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. తప్పయిపోయిందమ్మా అన్నాను. సరేనండి అని క్యారేజీ విప్పుకుంది.

గుంటూరు అధికారి మా కంపెనీకి ఉత్తరం రాశాడు. చూపు లేనివారి కోసం మీ ఇంజనీరు రూపొందించిన పలక అద్భుతమని. కంపెనీ తన పత్రికలో నా ఫోటో వేసి, 'మన ఇంజనీరు ఆవిష్కరణ' అని రాసి, సభ పెట్టి గోడ గడియారం ఇచ్చింది. పత్రిక మా బోర్డులు కొన్న ఆఫీసులన్నిటికీ వెళ్ళింది.

పెద్ద మెకానిక్ రేపల్లె స్టేషన్లో ఆ పేజీ చూసి, "మీరు రాయించారా?" అన్నాడు.

"లేదు."

"కాదన్నారా?"

"లేదు."

"సరే" అని పత్రిక మడిచి నా చేతికిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నన్ను ఇంజనీరుగారూ అనడం మాత్రం మానేశాడు, 'సార్' అనేవాడు.

నాలుగేళ్ళు గడిచాయి. పని మీద నెలకు రెండు మూడుసార్లు బాపట్ల ఆఫీసుకు ఫోను చేసేవాణ్ణి. నేను హలో అనగానే, "తెనాలి సారేగా, బాగున్నారాండీ, అమ్మగారు బాగున్నారా" అని అడిగి, కావలసినవారికి లైను కలిపేది. ఒక్కసారైనా గొంతులో తేడా లేదు. ఆ పత్రిక సంగతి ఆవిడకు తెలియదని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒకరోజు చేస్తే, "ఈ వారంతో రిటైరవుతున్నానండి" అంది.

ఇరవై ఆరేళ్ళు అయ్యాయా అమ్మా అన్నాను. అయ్యాయండి అంది. ఇంకేం మాట్లాడాలో తెలియక, పలక ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉందండి. బొట్లు రెండుసార్లు మార్చాను. నా తర్వాత వచ్చే అమ్మాయికి చూపుంది, ఆ పలక అవసరం లేదంట. మీరు కనిపెట్టిందిగా, మీకు పంపించమంటారా?"

లైనులో సన్నటి హోరు.

"ఎవరు చెప్పారమ్మా?"

"హెడ్ క్లర్కుగారు పేపరొచ్చిన రోజే చదివి వినిపించారండి. ఫోటో కూడా బాగా పడిందంట."

పేపరొచ్చిన రోజే. అంటే నాలుగేళ్ళు. నేను హలో అన్న ప్రతిసారీ ఆవిడకు తెలుసు. నేను చెబుతానేమోనని ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి ఉంటుంది. ఆ క్షణాన్ని నేను లైను కలవడం ఆలస్యం అనుకున్నాను.

"అమ్మా, ఆ అట్ట మీది" అన్నాను. నాలుగేళ్ళు పట్టింది నాలుగు మాటలకు.

"అవునండి" అంది ఆవిడ, చాలా మామూలుగా. బజరు ఇంకొకటి మోగుతోంది. "ఎవరికిమ్మంటారు లైను?"